యంత్రము చదువుకొనే వివరణ

ఇటీవలి సంవత్సరాలలో కంప్యూటర్ విద్యార్థుల నోట 'ఏజెంట్' అనే మాట తరచుగా వినిపిస్తున్నది. అడిగిన ప్రశ్నకు సమాధానము చెప్పి ఊరకుండే కృత్రిమ మేధ ఒకటి. సమాధానము కొరకు తానే ఒక ఫైలు తెరచి, ఒక జాబితా వెదకి, అవసరమైతే ఒక ఉత్తరము పంపి, పని ముగించుకొని వచ్చే కృత్రిమ మేధ మరొకటి. ఈ రెండవదానినే ఏజెంట్ అంటున్నారు. అయితే భాషా మోడల్‌కు చేతులు లేవు. చదువుట, వ్రాయుట మాత్రమే దానికి తెలుసు. చేతులను మనము సమకూర్చవలెను. వాటినే ఆంగ్లములో 'టూల్స్' అంటారు. పనిముట్లు అనుట మనకు సులభము. పనిముట్టును తయారుచేసే పద్ధతిని గురించి తరగతిలో చాలా చెప్పుకొంటారు. పనిముట్టుకు తగిలించే నాలుగు వాక్యాల వివరణను గురించి మాత్రము చెప్పేవారు తక్కువ. ఆ నాలుగు వాక్యాలే ఈ వ్యాసమునకు విషయము. భాషాశాఖకు చెందిన మేము కంప్యూటరు సంగతులలో తలదూర్చుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని ఈ సంగతి చివరకు వాక్యరచన వద్దకే వచ్చి ఆగుతున్నది గనుక మాకు ఆ మాత్రము హక్కు ఉన్నదని భావిస్తున్నాము.

ముందుగా వ్యవస్థ ఎట్లు పనిచేస్తుందో చూద్దాము. ప్రధాన ప్రోగ్రామును ముట్టుకొనకుండానే, బయటివారు వ్రాసిన భాగాలను తెచ్చి తగిలించుకొనే వీలున్న సాఫ్ట్‌వేరును విస్తరణకు వీలైన సాఫ్ట్‌వేరు అనవచ్చును. 2023 మార్చిలో ఓపెన్‌ఏఐ సంస్థ తన చాట్‌జీపీటీకి ప్లగిన్లు అనే పేరుతో ఇటువంటి ఏర్పాటు చేసినది. అదే సంవత్సరము జూన్‌లో ప్రోగ్రాములు వ్రాసేవారి కొరకు 'ఫంక్షన్ కాలింగ్' అనే సౌకర్యము కల్పించినది. ప్లగిన్లు 2024లో మూతపడినవి. ఆ ఏడాది నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ 'మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్' అనే బహిరంగ పద్ధతిని ప్రకటించినది. ఎవరి మోడల్‌కైనా ఎవరి పనిముట్టునైనా ఒకే తీరున తగిలించుటకు ఇది మార్గము చూపినది. 2025 మార్చిలో ఓపెన్‌ఏఐ కూడ దీనిని స్వీకరించినది.

ఈ పద్ధతిలో పనిముట్టుకు ముఖ్యమైన అంగాలు మూడు: పేరు, వివరణ, అది కోరే ఇన్‌పుట్ల పట్టిక. ఈ మూడింటిని మోడల్ ముందు పాఠముగా ఉంచుతారు. వినియోగదారుని ప్రశ్న వచ్చినప్పుడు మోడల్ ఆ పాఠమును బట్టి, ఫలానా పనిముట్టును ఫలానా ఇన్‌పుట్లతో నడపవలెనని ఒక కోరిక వ్రాసి ఇస్తుంది. దానిని నిజముగా నడిపేది ప్రధాన ప్రోగ్రాము. ఫలితము మరల సాధారణముగా పాఠరూపములో మోడల్‌కు అందుతుంది. ఇందులో గమనించవలసిన సంగతి ఏమనగా, పనిముట్టు లోపలి కోడు సాధారణముగా మోడల్ కంటికి కనిపించదు. మీరు ఎంత చక్కని కోడు వ్రాసినా, ఎన్ని పరీక్షలు జరిపినా, దానికి తెలిసేది మీరు పైన వ్రాసిన వాక్యములు మాత్రమే.

ఉపయోగించేవారి కొరకు వివరణ వ్రాసే ఆచారము కంప్యూటరు లోకములో పాతదే. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీలు 1971 నవంబరులో వెలువరించిన యూనిక్స్ మాన్యువల్ మొదటి ప్రతిలో ప్రతి కమాండుకు పేరు, వాడే తీరు, వివరణ ఉండేవి. వీటితోపాటు 'బగ్స్' అనే శీర్షిక కూడ ఉండేది. తమ పనిముట్టులో ఉన్న లోపమును తామే అచ్చువేసి చూపించే ఆ నిజాయితీ మాకు మిక్కిలి నచ్చిన విషయము. అయితే ఆ మాన్యువల్ చదివేవాడు మనిషి. అర్థము కాకపోతే ప్రక్క గదిలోని మిత్రుని అడుగుతాడు. అనుమానము వస్తే ఒక ఉత్తుత్తి ఫైలుపై ప్రయోగించి చూస్తాడు. పైగా ఏ కమాండు కావలెనో నిర్ణయించుకొన్న పిమ్మటనే ఆ పుట తెరుస్తాడు. మోడల్ సంగతి వేరు. అది వివరణను చదివియే పనిముట్టును ఎన్నుకొంటుంది. అనగా ఇక్కడ వివరణ ఎంపికకు కారణము, వాడుకకు మార్గదర్శి కూడ. ఈ తేడా తెలిసియే కాబోలు, 2023 నాటి ప్లగిన్ల పత్రములో రెండు వేర్వేరు వివరణలను కోరేవారు: ఒకటి మనుషుల కొరకు, రెండవది మోడల్ కొరకు. మనిషికి చూపేది అంగడి బోర్డు వంటిది. మోడల్‌కు ఇచ్చేది కొత్తగా చేరిన గుమాస్తాకు ఇచ్చే ఆదేశము వంటిది. మన విద్యార్థులు చాలమంది రెండవదాని స్థానములో మొదటిదానిని వ్రాస్తున్నారు.

ఒక ఉదాహరణతో ఈ విషయమును పరిశీలిద్దాము. మన వంటి ఒక కళాశాల గ్రంథాలయమునకు ఏజెంట్‌ను ఏర్పాటు చేసినారని ఊహించుకొందాము. ఉర్దూ, తెలుగు, ఆంగ్ల పుస్తకాలు మూడూ ఉన్నవి. విద్యార్థి ఒకడు 'వెదకు' అనే పేరుతో పనిముట్టు తయారుచేసి, "పుస్తకములను వెదకుతుంది" అని వివరణ వ్రాసినాడు. ఇన్‌పుట్లు రెండు: శీర్షిక, సంవత్సరము. వివరణలో అబద్ధమేమియు లేదు. కాని దానిని చేతపట్టుకొన్న గుమాస్తాకు ఎన్ని సందేహాలు కలుగుతాయో చూడండి.

మొదట సంవత్సరమునే తీసుకొందాము. పాత ఉర్దూ పుస్తకాల ముఖపత్రముపై 1345 అని ఉండుట కలదు. అది హిజ్రీ అయితే క్రీస్తుశకము 1926-27 అవుతుంది. నిజాము రాజ్యములో అచ్చయిన పుస్తకమై, అది ఫసలీ సంవత్సరమైతే 1935-36 అవుతుంది. రెంటికి నడుమ తొమ్మిదేండ్ల అంతరమున్నది. పట్టికలో నమోదు చేసినవారు ఏ శకమును ఎక్కించినారు? పనిముట్టు ఏ శకమును ఆశిస్తున్నది? "సంవత్సరము" అనే ఒక్క మాట దీనికి సమాధానము చెప్పదు. తెలియనప్పుడు మోడల్ ఆగి అడగవచ్చును, అడగకుండ ఊహించుకొనవచ్చును. ఊహించుకొన్నదనే సంగతి విద్యార్థికి తెలియనే తెలియదు.

శీర్షిక విషయములో చిక్కు ఇంకను సూక్ష్మమైనది. ఉర్దూ కీబోర్డుపై వచ్చే కాఫ్, యే అక్షరములు, అరబీ కీబోర్డుపై వచ్చే కాఫ్, యే అక్షరములు కంటికి దాదాపు ఒకటే. యూనికోడ్‌లో మాత్రము వాటికి వేర్వేరు సంఖ్యలు ఉన్నవి. ఒకదానితో నమోదైన శీర్షికను మరొకదానితో వెదకితే, ప్రోగ్రాము ప్రత్యేకముగా ఏర్పాటు చేసుకొంటే తప్ప, దొరకదు. తెలుగులోను ఇటువంటివి లేకపోలేదు. పాత పుస్తకములలోని బండి 'ఱ'కు, నేటి 'ర'కు అట్టి తేడాయే ఉన్నది. 'సాఫ్ట్‌వేర్' వంటి మాటలలో ట, వ ముడిపడకుండ ఉంచే అదృశ్యాక్షరము కూడ అట్టిదే. ఇక ఆంగ్ల లిపిలో ఉర్దూ పేర్లు వ్రాసే తీరును గురించి చెప్పనక్కరలేదు.

ఇప్పుడు అదే పనిముట్టుకు మరొక వివరణ వ్రాసి చూద్దాము. పేరు 'గ్రంథాలయ పట్టికలో వెదకు' అని మారుద్దాము.

"కళాశాల గ్రంథాలయపు పట్టికలో పుస్తకములను వెదకుతుంది. ఒక పుస్తకము ఉన్నదా, ఏ బీరువాలో ఉన్నది అనే ప్రశ్నలకు దీనిని వాడవలెను. పుస్తకమును ఎవరు తీసుకొనివెళ్లినారో దీనివలన తెలియదు. అందులకు 'అరువు వివరము' అనే పనిముట్టు కలదు. శీర్షికను, పుస్తకము ఏ లిపిలో అచ్చయినదో ఆ లిపిలోనే ఇవ్వవలెను. సంవత్సరము క్రీస్తుశకము మాత్రమే, నాలుగు అంకెలలో, ఉదాహరణకు 1936. వినియోగదారుడు హిజ్రీ లేక ఫసలీ సంవత్సరము చెప్పినట్లయితే ముందు దానిని మార్చి ఇవ్వవలెను; ఏ శకమో తెలియనప్పుడు ఈ ఇన్‌పుట్‌ను వదలివేయవలెను. ఒకసారికి ఇరువది పుస్తకములు మాత్రమే చూపుతుంది. ఇంకను ఉన్నట్లయితే ఆ సంగతి చివర చెబుతుంది. ఫలితము శూన్యమైతే, పట్టికలో ఆ మాటలతో నమోదు లేదని మాత్రమే అర్థము. పట్టికకు ఎక్కని పాత పుస్తకములు కూడ గ్రంథాలయములో ఉన్నవి."

ఇందులో అలంకారము లేదు. "శక్తిమంతమైన", "అత్యాధునికమైన" వంటి విశేషణములు లేవు. దేనికి వాడవలెనో, దేనికి వాడకూడదో, ఏమి ఇవ్వవలెనో, ఏమి వస్తుందో ఉన్నది. మా దృష్టిలో అన్నిటికంటె విలువైనవి చివరి రెండు వాక్యములు. "దొరకలేదు" అనుటకు, "లేదు" అనుటకు గల భేదము మనకు ఇంటిలోనే తెలుసు. ఏజెంట్‌కు ఆ భేదము చెప్పకపోతే, శూన్యమైన జాబితాను చూచి "ఈ పుస్తకము మన గ్రంథాలయములో లేదు" అని ధైర్యముగా చెప్పివేయగలదు. ఆ విద్యార్థి మరల బీరువా వద్దకు వెళ్లడు.

పుస్తకము స్థానములో విద్యార్థి పేరు ఉన్నదనుకొనండి. ఉపకారవేతనముల జాబితాలో ఒక పేరును వెదకే పనిముట్టు అది. 'షేక్' అనే ఇంటిపేరును ఆంగ్ల లిపిలో నాలుగైదు విధాలుగా వ్రాస్తారు. రెండక్షరాలకు కుదించి 'ఎస్కే' అనియు వ్రాస్తారు. 'మహమ్మద్' అనేది ఒక ధ్రువపత్రములో పూర్తిగా, మరొక దానిలో 'ఎండీ' అని ఉండుట మన కార్యాలయములలో నిత్యము చూస్తున్నదే. పనిముట్టు అక్షరము పొల్లుపోకుండ పోల్చేదైతే ఆ సంగతి వివరణలో ఉండితీరవలెను. ఇన్‌పుట్‌కు 'లాస్ట్ నేమ్' అని పేరు పెట్టుట మరొక ప్రమాదము. తెలుగు దేశములో హిందువులైనా ముస్లిములైనా ఇంటిపేరును ముందే వ్రాయుట సంప్రదాయము. 'షేక్ అహ్మద్'లో చివరి పేరు అహ్మద్. అమెరికా అలవాటుతో తయారైన పట్టికలో ఆ మాటకు అర్థము ఇంటిపేరు. మోడల్ దేనిని ఇవ్వవలెను? 'ఇంటిపేరు' అని పెట్టి, ఒక ఉదాహరణ చేర్చితే సరిపోయేదానికి, ఒక పిల్లవాని పేరు జాబితాలో లేదనే సమాధానము వస్తుంది. తేదీల విషయము కూడ ఇంతే. 03-04-2025 మనకు ఏప్రిల్ 3. అమెరికా వారికి మార్చి 4. సంవత్సరము, నెల, రోజు అనే వరుసలో ఇవ్వవలెనని చెప్పి, 2025-04-03 అని ఒక ఉదాహరణ చూపితే గడువు తప్పదు.

ఇంతవరకు చెప్పినవి చదివే పనిముట్లు. వ్రాసే పనిముట్లు, చెరిపే పనిముట్లు ఉన్నవి. వాటి వద్ద వివరణలోని లోపము తప్పు సమాధానముతో ఆగదు. మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌తోపాటు మాదిరిగా వెలువరించిన సర్వర్లలో ఫైళ్లకు సంబంధించినది ఒకటి ఉన్నది. అందులో ఫైలు వ్రాసే పనిముట్టు వివరణలో, అదే పేరుగల ఫైలు ఉన్నట్లయితే హెచ్చరిక లేకుండ దానిని పూర్తిగా చెరిపి వ్రాస్తుందనియు, జాగ్రత్తగా వాడవలెననియు స్పష్టముగా చెప్పినారు. ఫైలును మరొకచోటికి తరలించే పనిముట్టు మాత్రము, గమ్యస్థానములో అదే పేరు ఉంటే పని జరగదని చెబుతుంది. ఒకే పెట్టెలోని రెండు పనిముట్లు ఒకే పరిస్థితిలో రెండు విధాలుగా ప్రవర్తిస్తున్నవి. ఈ భేదమును పేర్లను బట్టి ఊహించుట ఎవరి తరము కాదు.

మరొక సంగతి. పనిముట్టును నడిపినప్పుడు నెట్‌వర్కు తెగిపోయి సమాధానము రాలేదనుకొనండి. ఏజెంట్ రెండవసారి ప్రయత్నించుట సహజము. వెదకుటను రెండుసార్లు చేసినా నష్టము లేదు. రుసుము కట్టుట, దరఖాస్తు పంపుట, వెయ్యిమంది తల్లిదండ్రులకు సందేశము పంపుట రెండుసార్లు జరిగితే ఏమవుతుంది? "ఒకే దరఖాస్తు సంఖ్యతో రెండవసారి పిలిచినా రెండవ దరఖాస్తు నమోదు కాదు" అనియో, "ప్రతి పిలుపుకు కొత్త సందేశము వెళుతుంది, సమాధానము రాకపోతే మరల పిలువక, ముందు 'పంపిన సందేశాలు' చూడవలెను" అనియో చెప్పి ఉంచవలెను. ఈ అవసరమును గుర్తించి 2025 మార్చి నాటి సవరణలో ప్రోటోకాల్ వారు పనిముట్టుకు కొన్ని గుర్తులు చేర్చినారు: ఇది చదువుట మాత్రమే చేస్తుందా, నాశనకరమైన మార్పు చేయగలదా, మరల పిలిచినా ఫలితము మారదా, బయటి లోకముతో సంబంధము పెట్టుకొంటుందా అని. అయితే ఇవి సూచనలు మాత్రమేననియు, నమ్మకమైన సర్వరునుండి వస్తే తప్ప వాటిని నమ్మరాదనియు ఆ పత్రమే హెచ్చరించుచున్నది. గుర్తు పెట్టినంత మాత్రాన తాళము పడినట్లు కాదు. చెరపరాని దానిని చెరపనీయకుండ ఆపవలసినది కోడు. చెరుపుటకు ముందు మనిషి అనుమతి తీసుకొనవలసినది ప్రధాన ప్రోగ్రాము.

విస్తరణకు వీలైన వ్యవస్థలకు ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉన్నది. మీ పనిముట్టు ఎవరి ప్రక్కన కూర్చుంటుందో మీకు తెలియదు. మీరు 'వెదకు' అని పేరు పెట్టినారు. మరొకరు తమ ఉత్తరాల పనిముట్టుకు 'వెదకు' అని పేరు పెట్టినారు. మూడవవారు ఇంటర్నెట్‌కు పెట్టినారు. కనుక పేరులోనే ఊరు, వీధి తెలియవలెను. వివరణ కూడ పొరుగువారి సహాయము లేకుండ నిలబడవలెను. కొందరు తమ పనిముట్టునే ఎన్నుకొనవలెనని "అన్నిటికంటె ముందు దీనినే వాడవలెను" అని వ్రాస్తారు. అంగడివీధిలో కేకలు వేయుటకు, దీనికి మాకు తేడా కనిపించదు.

ఇంతకంటె చెడ్డదియు కలదు. 2025 ఏప్రిల్‌లో ఇన్వేరియంట్ ల్యాబ్స్ అనే సంస్థ పరిశోధకులు ఒక పనిముట్టును చూపినారు. అది రెండు సంఖ్యలను కూడుతుంది. కాని దాని వివరణ లోపల, వినియోగదారుని కంప్యూటరులోని రహస్యపు ఫైలును చదివి దానిని ఒక ఇన్‌పుట్ రూపములో పంపవలెనని, ఈ మాట వినియోగదారునకు చెప్పరాదని మోడల్‌కు ఆదేశము ఉన్నది. తెరపై మనిషికి కనిపించేది కూడిక మాత్రమే. దీనికి 'టూల్ పాయిజనింగ్' అని పేరు పెట్టినారు. వివరణ కేవలము సమాచారము కాదు, మోడల్‌పై అధికారముగల మాట అని దీనివలన తెలుస్తున్నది. బయటి పనిముట్టును తగిలించుకొనే ముందు దాని వివరణను మొదటి అక్షరమునుండి చివరి అక్షరము వరకు చదువవలెను. కొత్త వెర్షను వచ్చినప్పుడు మరల చదువవలెను.

అన్ని కష్టములకు వివరణయే మందు అని మా అభిప్రాయము కాదు. 2024 డిసెంబరులో ఆంత్రోపిక్ ఇంజనీర్లు ప్రకటించిన ఒక అనుభవము ఇక్కడ చెప్పదగినది. వారి ఏజెంట్ ఒక డైరెక్టరీనుండి మరొక డైరెక్టరీకి మారిన తరువాత ఫైళ్ల చిరునామాలను సగము సగముగా ఇచ్చి తప్పులు చేసేది. వారు ఇంకను జాగ్రత్తగా ఉండుమని ఉపదేశించి ఊరకొనలేదు. మూలమునుండి పూర్తి చిరునామా ఇచ్చి తీరవలెనని పనిముట్టునే మార్చినారు. తప్పు ఆగిపోయినది. తప్పు చేయుటకు దారియే లేకుండ చేయగలిగినప్పుడు వాక్యము అనవసరము. దీనికి భిన్నమైన అనుభవము 2025లో వారే వ్రాసినారు. ఇంటర్నెట్‌లో వెదకేటప్పుడు మోడల్ ప్రతి ప్రశ్నకు చివర '2025' అని అనవసరముగా చేర్చి, ఫలితములను పక్కదారి పట్టించేది. అక్కడ వివరణను సవరించి సరిదిద్దినారు. ఏది కోడులో మార్చవలెనో, ఏది వాక్యములో మార్చవలెనో తెలుసుకొనుటయే ఇందులోని నేర్పు.

వివరణ ఎంత పొడవు ఉండవలెను? పనిముట్ల వివరణలన్నియు మోడల్ ఒకసారికి చదువగలిగే పాఠములో చోటు ఆక్రమిస్తాయి. వంద పనిముట్లకు ఒక్కొక్క పుట వ్రాస్తే అసలు ప్రశ్నకు చోటు తగ్గుతుంది, ఖర్చు పెరుగుతుంది. పైగా మోడల్ పాఠమును చిన్న ముక్కలుగా విడగొట్టి చదువుతుంది. తెలుగు లిపిలోని వాక్యము సాధారణముగా అదే అర్థముగల ఆంగ్ల వాక్యముకంటె ఎక్కువ ముక్కలవుతుంది. అందుచేత వివరణను ఆంగ్లములో వ్రాసినా తప్పు లేదు. ఉదాహరణలు మాత్రము అసలు సమాచారము ఏ లిపిలో ఉన్నదో ఆ లిపిలోనే ఉండవలెను. పైన మేము వ్రాసిన వివరణలో ఒక్క వాక్యమును తగ్గించవలసి వస్తే బీరువా ప్రస్తావనను తీసివేస్తాము, శకము ప్రస్తావనను తీసివేయము.

వ్రాసిన వివరణ సరిపోయినదో లేదో తెలుసుకొనుటకు సులభమైన ఉపాయమున్నది. కోడు చూడని తోటి విద్యార్థికి పేరు, వివరణ, ఇన్‌పుట్ల పట్టిక ఇచ్చి, పది ప్రశ్నలు చదివి, ఏ ప్రశ్నకు ఏ పనిముట్టును ఏ ఇన్‌పుట్లతో పిలుస్తావని అడగవలెను. అతడు తడబడినచోట వాక్యము మార్చవలెను. తరువాత అవే ప్రశ్నలను ఏజెంట్‌కు ఇచ్చి, అది పిలిచిన తీరును వరుసగా చదువవలెను. ఈ రెండవ పనిని ఒకసారి చేసి వదలుటకు వీలులేదు. మోడల్ మారినప్పుడల్లా చేయవలెను.

కంప్యూటర్ విద్యార్థుల ప్రాజెక్టు రికార్డులలో కోడుకు పుటలు ఉన్నవి, చిత్రములకు పుటలు ఉన్నవి. ఏజెంట్‌కు పనిముట్టు తయారుచేసే ప్రాజెక్టులలో వివరణలకు కూడ ఒక పుట కేటాయించి, దానిని కంప్యూటర్ శాఖవారితోపాటు ఉర్దూ, తెలుగు శాఖల అధ్యాపకులు చదివి సంతకము చేసే ఏర్పాటును కళాశాల కమిటీవారు ఆలోచింపవలెనని కోరుతున్నాము. గ్రంథాలయము విషయములో ఎవరైన విద్యార్థులు పూనుకొన్నట్లయితే, హిజ్రీ, ఫసలీ సంవత్సరములను క్రీస్తుశకములోనికి మార్చే పట్టిక మొదట తయారుకావలెను. ఆ రెండు సంవత్సరములును క్రీస్తుశక సంవత్సరముతో సరిగా కలిసిరావు గనుక నెలలను కూడ చూడవలసి ఉంటుంది. ఆ పనికి చరిత్ర శాఖవారి సహాయము తప్పదు.